ఎంట్రీ లెవెల్ రోడ్ బైక్‌లో ఏది మారిస్తే పనికొస్తుంది, ఏది మారిస్తే డబ్బు దండగ

మొన్న ఆదివారం పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలికి సైకిళ్ల మీద వెళ్లి రిటర్న్‌లో రుషికొండ దగ్గర టీకి ఆగాం. అక్కడ మా గుంపులో కొత్తగా చేరిన తమ్ముడొకడు అడిగాడు, "అన్నా, నా బైక్‌లో క్లారిస్ తీసేసి 105 వేయించేద్దామనుకుంటున్నా, ఎంతవుతుంది?" అని. రెండూ షిమానో కంపెనీ గేర్ల సెట్లే, క్లారిస్ కింది మెట్టు, 105 పైది. వాడి బైక్ కొని ఏడు నెలలే అయింది, అల్యూమినియం ఫ్రేమ్, రిమ్ బ్రేకులు (చక్రం అంచుని రబ్బరుతో నొక్కి ఆపేవి), షిమానో క్లారిస్ 8 స్పీడ్ (వెనక ఎనిమిది గేర్లు), బరువు పదిన్నర కేజీల దాకా ఉంటుంది, అంటే మనలో చాలామంది మొదలుపెట్టే బైకే. ఎంతవుతుందో చెప్పకుండా నేను తిరిగి వాణ్ణే అడిగా, "ముందు నీకు బైక్ మీద ఏం ఇబ్బందిగా ఉందో చెప్పు" అని. కాసేపు ఆలోచించి మూడు చెప్పాడు. నలభై కిలోమీటర్లు దాటితే చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కిపోతున్నాయి. కైలాసగిరి కొండ దిగేటప్పుడు బ్రేకులు పట్టట్లేదేమోనని భయం. ఎక్కేటప్పుడేమో లోయెస్ట్ గేర్‌లో కూడా కాళ్లు తిరగట్లేదు. ఈ మూడింట్లో మొదటి రెండూ 105 పెట్టినా పోవు, మూడోది పోతుంది గానీ దానికి 105 అక్కర్లేదు.

అప్‌గ్రేడ్ గురించి ఆలోచించేటప్పుడు మనమందరం చేసే తప్పు ఇదే, పార్ట్ దగ్గర్నుంచి మొదలుపెడతాం, ఇబ్బంది దగ్గర్నుంచి మొదలుపెట్టం. క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అని మెట్లు కనిపిస్తుంటే ఎక్కేయాలనిపిస్తుంది. కానీ రోడ్ బైక్‌లో ఏ పార్టూ ఒంటరిగా ఉండదు, ఒకటి లాగితే నాలుగు కదులుతాయి. మా తమ్ముడి కేసే తీసుకోండి. క్లారిస్ 8 స్పీడ్ నుంచి 105కి వెళ్లాలంటే షిఫ్టర్లు (హ్యాండిల్ మీద గేరు మార్చే మీటలు), ముందు వెనక డిరైలర్లు (చైనుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపేవి), క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), చైను అన్నీ మార్చాలి. ఇప్పుడొచ్చే 12 స్పీడ్ 105 డిస్క్ బ్రేకులకి మాత్రమే, వీడిది రిమ్ బ్రేక్ బైకు కాబట్టి పాత 11 స్పీడ్ 105 వెతుక్కోవాలి. అది దొరికింది అనుకుందాం, 11 స్పీడ్ రోడ్ క్యాసెట్‌కి వెనక చక్రం హబ్ మీద క్యాసెట్ కూర్చునే ఫ్రీహబ్ కాస్త వెడల్పు ఎక్కువ కావాలి, ఆ తేడా 1.85 మిల్లీమీటర్లే, కానీ ఆ రెండు మిల్లీమీటర్ల కోసం చక్రమే మార్చాల్సి రావచ్చు. ఒకటీ అరా క్యాసెట్లు, 11-34 (చిన్న చక్రానికి 11 పళ్లు, పెద్దదానికి 34) లాంటి పెద్దవి, పాత హబ్ మీద కూడా కూర్చుంటాయి గానీ అది ముందే కనుక్కుని కొంటే సరి, కొన్నాక కనుక్కుంటే తలనొప్పి. ఇక లేబర్, కొత్త కేబుళ్లు, బార్ టేపు. అంతా కలిపితే బైక్ ధరకి దగ్గర్లోకి వచ్చేస్తుంది. ఇంత చేశాక వచ్చేదేంటంటే షిఫ్టింగ్ స్మూత్‌గా ఉంటుంది, గేర్ల మధ్య గ్యాప్ తగ్గుతుంది, నిజమే, చాలా బావుంటుంది కూడా, నేను నడిపి చూశా. కానీ కిలోమీటరు వేగం పెరగదు, చేతులు తిమ్మిరెక్కడం ఆగదు.

కాబట్టి ఇబ్బందులనే ఒక్కోటి చూద్దాం.

చేతుల తిమ్మిరి ముందు. హ్యాండిల్ మీద బరువు ఎక్కువ పడుతుంటే అరచేతి అంచున పోయే నరం నొక్కుకుపోతుంది, అందుకే చిటికెన వేలు, దాని పక్కదీ మొద్దుబారతాయి. ఇది చాలాసార్లు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తగ్గిపోయే సమస్య. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి, వాలి ఉంటే మీరు తెలీకుండానే ముందుకి జారుతూ ఆ జారుడంతా చేతులతో ఆపుకుంటుంటారు. సీటు ఎత్తుకి నేను వాడే లెక్క పాతదే, చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని గట్టిగా పైకి నొక్కి నేల నుంచి దాని పై అంచు దాకా కొలిస్తే వచ్చేది లోపలి కాలి పొడవు, దాన్ని 0.883తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ (పెడళ్లు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 80 సెంటీమీటర్ల కాలుకి 70.6 అన్నమాట. ఇది మొదలుపెట్టడానికే, అక్కణ్ణించి అయిదేసి మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుపుకుంటూ మీకు సరిపోయేది పట్టుకోవాలి. అప్పటికీ చెయ్యి మరీ చాచాల్సి వస్తుంటే స్టెమ్ (హ్యాండిల్‌ని బైక్‌కి పట్టి ఉంచే ముక్క) పది ఇరవై మిల్లీమీటర్లు పొట్టిది వేసుకోవచ్చు, స్టెమ్ పైన స్పేసర్లు (రింగులు) ఉంటే వాటిని స్టెమ్ కిందికి మార్చి హ్యాండిల్ కాస్త పైకి తెచ్చుకోవచ్చు. స్టెమ్ ఖరీదు తక్కువ, తేడా మాత్రం చాలా ఎక్కువ. సీటు మార్చడం కూడా ఇందులోకే వస్తుంది, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది కాదు ఇక్కడ, మనం కూర్చునే రెండు ఎముకల మధ్య దూరానికి సీటు వెడల్పు సరిపోతుందా లేదా అన్నదే లెక్క. జెల్ కవర్లు వేసుకుని అవస్థపడే వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, అవి నలభై కిలోమీటర్ల తర్వాత ఇంకా రాపిడి పెంచుతాయి. మంచి ప్యాడెడ్ షార్ట్స్ కొనుక్కుంటే అదే వంద రెట్లు నయం.

తిమ్మిరికి రెండో కారణం గాలి. మా తమ్ముడు 25 మిల్లీమీటర్ల టైర్లలో 120 పీఎస్ఐ కొట్టించి తిరుగుతున్నాడు, టైరు పక్కన రాసి ఉంది కదన్నా అన్నాడు. అక్కడ రాసేది మాక్సిమం, కొట్టించుకోమని కాదు. డెబ్భై కేజీల మనిషికి 25 టైర్లో వెనక 85, ముందు 80 దగ్గర సరిపోతుంది, 28 టైరు అయితే 70-75 చాలు. రాళ్లు తేలిన తారు మీద టైరు గట్టిగా ఉంటే బైక్ ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగురుళ్లలో మన శక్తే వృథా అవుతుంది, పైగా ఆ అదురంతా చేతుల్లోకే వస్తుంది. పంక్చర్ షాపులో గాలి కొట్టిద్దామంటే మన సన్న వాల్వ్‌కి వాళ్ల పైపు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి, మీటరు కూడా నమ్మలేం. అందుకే బైక్ కొన్న మొదటి వారంలోనే మీటరున్న ఫ్లోర్ పంపు ఒకటి కొనుక్కోమంటా. ఇది బైక్ పార్ట్ కాదు గానీ నా దృష్టిలో మొదటి అప్‌గ్రేడ్ ఇదే.

ఇప్పుడు టైర్లు. డబ్బు పెట్టి వేగం కొనుక్కోవాలంటే ఎంట్రీ లెవెల్ బైక్‌లో ఇంతకన్నా చవకైన దారి లేదు, ఎందుకో కాస్త లెక్క వేసి చూపిస్తా. మనిషీ బైకూ కలిపి 80 కేజీలు అనుకోండి. బైక్‌తో పాటు వచ్చే గట్టి వైరు టైర్లు దొర్లేటప్పుడు, ఆ బరువులో సుమారు 0.007 నుంచి 0.008 వంతు వెనక్కి లాగుతాయి. మంచి టైర్లలో అది 0.004 దగ్గరుంటుంది. తేడా 0.003 అని తక్కువలోనే వేసుకున్నా గంటకి 25 కిలోమీటర్ల వేగంలో 16 వాట్లు, 30లో దాదాపు 20 వాట్లు అవుతుంది. కొత్తగా తొక్కే మనిషి గంటసేపు నిలబెట్టగలిగేది నూట యాభై వాట్ల చుట్టూ ఉంటుంది, అందులో పదహారో ఇరవయ్యో అంటే పదో వంతు కన్నా ఎక్కువ, నెలల తరబడి ట్రైనింగ్ చేస్తే గానీ రానిది. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000 లాంటివి ఒక్కోటి నాలుగైదు వేలు పైనే పడతాయి, అంత పెట్టలేకపోయినా మధ్య రకంలో మెత్తటి కేసింగ్ (టైరు లోపలి గుడ్డ పొర) ఉన్న ఫోల్డింగ్ (మడతపెట్టగలిగే) టైరు తీసుకున్నా సగం పైన లాభం వచ్చేస్తుంది. రోజూ ఆఫీసుకి గాజుముక్కల రోడ్డు మీద వెళ్లేవాళ్లయితే కొన్ని వాట్లు వదులుకుని పంక్చర్ లేయర్ మందంగా ఉన్నవి తీసుకోండి, రోడ్డు పక్కన ట్యూబు మార్చుకుంటూ పోయే పావుగంట ముందు ఆ వాట్లు ఏ మూలకి.

వెడల్పు విషయంలో ఒక జాగ్రత్త. 28 టైరు హాయి నిజమే గానీ రిమ్ బ్రేక్ బైకుల్లో కొన్నింటికి బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లని చక్రానికి నొక్కే భాగం) కింద చోటు ఉండదు. కొనే ముందు ఇప్పుడున్న టైరుకీ కాలిపర్‌కీ మధ్య, టైరుకీ ఫ్రేమ్‌కీ మధ్య ఎంత గ్యాప్ ఉందో చూసుకోండి, కొత్త టైరు ఎక్కాక కూడా అన్ని వైపులా మూడు నాలుగు మిల్లీమీటర్లు మిగలాలి. టైరు మీద 28 అని రాసి ఉన్నా వెడల్పు రిమ్ మీద 29, 30 దాకా ఉబ్బుతుంది.

బ్రేకుల భయం. ఇక్కడ మాత్రం డబ్బు ఆలోచించకూడదు, కానీ పెద్ద డబ్బు అవసరం కూడా లేదు. చవక బైకుల్లో కాలిపర్లు మరీ అంత చెడ్డవేం ఉండవు, వాటికి బిగించే రబ్బరే చెడ్డది, ఎండిన ప్లాస్టిక్కులా ఉంటుంది. ఆ రోజు టీ కొట్టు దగ్గరే మావాడి ముందు బ్రేక్ ప్యాడ్ విప్పి చూశా. రబ్బరు మీద గచ్చకాయలా నున్నగా మెరుపొచ్చేసింది, అందులో మూడు చోట్ల వెండి చుక్కల్లా రిమ్ నుంచి ఊడిన అల్యూమినియం ముక్కలు దిగబడి ఉన్నాయి. బ్రేక్ పట్టినప్పుడల్లా వచ్చే కరకర శబ్దం అదే, రిమ్‌ని గీరేస్తున్నది కూడా అవే. పిన్నీసుతో వాటిని పీకి గరుకు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్ది రిమ్ తుడిచి ఇస్తే వెంటనే తేడా తెలిసింది వాడికి. పర్మనెంటు మందు ఏంటంటే రబ్బరు మాత్రమే జారించి మార్చుకునే కార్ట్రిడ్జ్ రకం ప్యాడ్లు, వానాకాలానికి కూల్‌స్టాప్ వాళ్ల సాల్మన్ రంగు రబ్బరు తడిలో బాగా పట్టుతుందని పేరు, నా అనుభవం కూడా అదే. దాంతో పాటు బ్రేక్ కేబుల్, పైన తొడుగు రెండూ కొత్తవి వేయించండి. బ్రేక్ నొక్కితే స్పాంజిలా ఉందంటే చాలాసార్లు ఆ తొడుగు లోపల నలుగుతున్నదే కారణం. ప్యాడ్లూ కేబుళ్లూ అయ్యాక కూడా చాలకపోతే అప్పుడు కాలిపర్లు టియాగ్రావో 105వో వేసుకోండి, ప్యాడ్ రిమ్‌ని అందుకునేంత పొడవుందా లేదా కొలిచాకే. డిస్క్ బ్రేకులు పెట్టించొచ్చా అని చాలామంది అడుగుతారు, రిమ్ బ్రేక్ ఫ్రేమ్‌కి కాలిపర్ బిగించే చోటే ఉండదు, ఎవరైనా పెడతామంటే వద్దనండి.

ఇక ఎక్కుడు. కైలాసగిరి సముద్రం నుంచి 170 మీటర్ల పైన ఉంటుంది, చిన్న కొండే, కానీ పదిన్నర కేజీల బైకు మీద మొదటి రోజుల్లో నరకం కనిపిస్తుంది. ఇక్కడ అందరూ బరువు తగ్గించాలంటారు. అది కూడా లెక్క వేద్దాం. ఒక కేజీని 170 మీటర్లు పైకి తీసుకెళ్లడానికి 1,670 జౌళ్లు కావాలి, మీరు 180 వాట్లు కొడుతుంటే అది 9 సెకన్ల పని. అంటే బైక్‌లో ఒక కేజీ తగ్గించినందుకు కొండ మీద మీకు మిగిలేది 9 సెకన్లు. అరకు దారిలో వెయ్యి మీటర్లు ఎక్కారనుకున్నా నిమిషం లోపే. ఒక కేజీ తగ్గించాలంటే కార్బన్ చక్రాలో, కార్బన్ ఫోర్కో, చాలా వేలు. బరువు తగ్గడం మంచిదే, కాదనను, కానీ ఆ తొమ్మిది సెకన్ల కోసం కొత్తవాళ్లు పెట్టే డబ్బు చూస్తే మనసొప్పదు.

మావాడి కాళ్లు తిరగకపోవడానికి కారణం బరువు కాదు, గేరు. ముందు 34 పళ్లు, వెనక పెద్దది 28 ఉంది వాడికి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది, చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు, నిమిషానికి 60 చుట్లు తొక్కినా బైకు గంటకి 9.2 కిలోమీటర్ల వేగంలో వెళ్లాల్సిందే. కొండ మీద వాడు ఏడెనిమిది కిలోమీటర్లే వెళ్లగలుగుతున్నాడు కాబట్టి పెడల్ నిమిషానికి యాభైకి అటూ ఇటుగానే తిరుగుతోంది, మోకాళ్ల మీద గానుగ ఆడించినట్టు పడుతోంది భారమంతా. అదే వెనక 34 పళ్లది పెడితే 60 చుట్లకి 7.6 కిలోమీటర్లు. ఇది కొన్ని వేలల్లో తేలిపోయే పని, క్యాసెట్ ఒకటి, కొత్త చైను ఒకటి. చూసుకోవాల్సినవి రెండు. ఒకటి వెనక డిరైలర్ కేజ్ (చైనుని పట్టి కిందికి వేలాడే భాగం) పొట్టిదా పొడుగుదా, పొట్టిది అయితే పెద్ద పళ్లని మింగలేదు, దాని మోడల్ నంబరు వెనక చెక్కి ఉంటుంది, షిమానో సైట్‌లో ఆ నంబరు కొడితే గరిష్ఠం ఎన్ని పళ్లో చెప్తుంది. రెండోది, మరీ చవక 7 స్పీడ్ బైకుల్లో క్యాసెట్ ఉండదు, హబ్‌కి మరలా తిప్పి బిగించే ఫ్రీవీల్ ఉంటుంది, దాని మీద ఏ క్యాసెట్టూ ఎక్కదు, ఆ బైకు మీద గేర్ల కోసం డబ్బు పెట్టొద్దు.

భీమిలి రోడ్డు గురించి చెప్పకుండా వేగం సంగతి తేలదు. తొట్లకొండ దాటాక సముద్రం గాలి ఎదురుగా పడితే ఎంత తొక్కినా బైకు కదలదు, అందరం చూసిందే. చదును రోడ్డు మీద గంటకి 30 వేగంలో మన శక్తిలో మూడొంతులు గాలిని తొయ్యడానికే పోతుంది, వేగం పెరిగితే దానికి కావాల్సిన పవర్ ఘనంలో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్లు. ఆ గాలికి అడ్డుపడేది ఎక్కువగా బైకు కాదు, మన ఒళ్లు. అందుకే వదులు టీషర్టు మానేసి ఒంటికి పట్టే జెర్సీ వేసుకుని, హ్యాండిల్ మీద మోచేతులు మడిచి వంగి తొక్కడం నేర్చుకుంటే వచ్చే లాభం డీప్ రిమ్ (అంచు లోతుగా ఉండే) చక్రాల కన్నా ఎక్కువ. కార్బన్ చక్రాలు అందంగా ఉంటాయి, గాలిని కోసే శబ్దం కూడా భలే ఉంటుంది, నాకూ ఆశే. కానీ తక్కువలో తక్కువ నలభై యాభై వేలు, వాటి లాభం కనిపించేది 35 దాటి వెళ్లేవాళ్లకి, పక్క గాలికి ముందు చక్రం లాగేస్తుంది కూడా. అన్నిటికన్నా ముఖ్యం, రిమ్ బ్రేక్ చక్రాలు రేపు మీరు కొనబోయే డిస్క్ బైకుకి పనికిరావు, యాక్సిల్ వేరు, హబ్ వెడల్పు వేరు. ఏది కొనేటప్పుడైనా నేను ఒక మాట అడుగుతా, ఇది నాతో పాటు తర్వాతి బైకుకి వస్తుందా అని. పెడళ్లు, బూట్లు, సీటు, పంపు, లైట్లు, హెల్మెట్, కంప్యూటర్ వస్తాయి. చక్రాలు, షిఫ్టర్లు రావు, సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే వాటికి పెట్టిన డబ్బులో సగం కూడా రాదు. నా మొదటి బైకు అమ్మినప్పుడు నాకు తెలిసొచ్చిన సంగతి ఇది, కొన్నవాడు చక్రాలవైపు చూడను కూడా చూడలేదు, ఫ్రేము సైజు అడిగి రేటు చెప్పాడు.

క్లిప్‌లెస్ పెడళ్ల (బూటు అడుగుని పెడల్‌కి లాక్ చేసేవి) గురించి ఒక్క మాట, వాటితో వేగం పెద్దగా పెరగదు, కాలు జారకపోవడం, ప్రతిసారీ ఒకే చోట ఉండటం లాభం. సిటీలో నడవాల్సినవాళ్లు రెండు బోల్టుల ఎస్పీడీ తీసుకోండి.

చివరగా మా విశాఖ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉప్పుగాలి. బీచ్ రోడ్డులో తిరిగొచ్చి బైకుని అలా వదిలేస్తే నెలలో స్టెమ్ బోల్టుల తలల మీద ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తుంది, అలెన్ కీ పెడితే జారిపోయేంతగా తినేస్తుంది. తడిగుడ్డతో తుడవడం, బోల్టులకి చుక్క గ్రీజు, ఏడాదికోసారి గేరు కేబుళ్లు స్టెయిన్‌లెస్‌వి మార్చడం. కేబుల్ ముఖ్యంగా షిఫ్టర్ లోపల మలుపు తిరిగే చోట ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది, బయటికి కనపడదు, గేరు పడటం మొరాయిస్తుంటే షిఫ్టర్ చెడిపోయిందని కొత్త గ్రూప్‌సెట్ (గేర్ల సెట్టంతా) కొనేవాళ్లు ఉన్నారు, రెండు మూడొందల కేబుల్‌తో పోయే రోగం అది. చైను కూడా స్కేలు పెట్టి కొలవండి, కొత్త చైనులో పన్నెండు అంగుళాలకి సరిగ్గా పిన్ను మధ్యకి వస్తుంది, అంగుళంలో పదహారో వంతు దాటి జరిగిందంటే చైను మార్చే టైమొచ్చింది, ఎనిమిదో వంతు దాటిందంటే క్యాసెట్ కూడా అయిపోయింది.

మావాడి బైకు ఇలా తేలింది. సీటు ముక్కు లెవెల్ చేశాం, సీటు పన్నెండు మిల్లీమీటర్లు దించాం, గాలి 85కి తెచ్చాం, ఇవన్నీ ఫ్రీ. బ్రేక్ ప్యాడ్లు, అన్ని కేబుళ్లు, 11-34 క్యాసెట్ చైనుతో సహా, మధ్య రకం 25 టైర్లు జత. 28 పట్టలేదు, కాలిపర్ కింద చోటు లేదు. డిరైలర్ పొడుగు కేజ్‌దే, అదృష్టం. తర్వాతి ఆదివారం కైలాసగిరి మీద మొదటిసారి కాలు కింద పెట్టకుండా పైదాకా వచ్చాడు, దిగేటప్పుడు నా వెనకే ఉన్నాడు. 105కి దాచుకున్న మిగతా డబ్బు కదపకుండా ఉంచమన్నా, రెండేళ్ల తర్వాత ఫుల్‌గా 105 వేసి వచ్చే డిస్క్ బైకే కొనుక్కోవచ్చు, ఆ సీటు, పంపు, పెడళ్లు దానికి మార్చుకుని. చేతుల తిమ్మిరి చాలావరకు తగ్గింది కానీ అరవై దాటితే కుడి చెయ్యి ఇంకా కొంచెం లాగుతోందట, ఈ వారం నా దగ్గరున్న 90 మిల్లీమీటర్ల పాత స్టెమ్ పెట్టి చూస్తాం.